నాలుక కౌలు

డాక్టర్ ఫణీంద్ర పట్టకారుతో బెల్లం ముక్క తీసి నాంచారి నాలుక మీద పెట్టాడు.

"చప్పరించండి. ఏమైనా తెలుస్తోందా?"

నాంచారి చప్పరించింది. ముక్క కరగడం తెలుస్తోంది. గరుకుదనం తెలుస్తోంది. అంతే. గోడ సున్నం గీకి నోట్లో వేసినా ఇలాగే ఉంటుందనిపించింది. తల అడ్డంగా ఊపింది.

గోడకవతల గదిలోంచి నర్సు వచ్చింది. "పెద్దాయన బెల్లం అన్నారు సార్. కొత్తది కాదు, పాతబెల్లం అన్నారు." కాస్త ఆగి, "ఏడుస్తున్నారు సార్" అంది.

ఫణీంద్ర కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"మా అమ్మకి గొంతు కేన్సరమ్మా. వైద్యం అయ్యాక బతికిన రెండేళ్ళూ, అన్నం మట్టిలా ఉందిరా అనేది. అప్పట్నుంచీ దీనిమీదే ఉన్నాను. ఇవాళ ఒక మనిషి నాలుక మీది రుచి ఇంకో మనిషికి చేరింది."

"ఆ పెద్దాయనకీ అదే జబ్బా అండీ?"

"పేరూ ఊరూ చెప్పకూడదు. జబ్బు మాత్రం అదే."

"పోన్లెండి పాపం. ఏడవనివ్వండి." నాంచారి దవడ కింద తడుముకుంది. పది రోజుల కిందట అక్కడ బియ్యపు గింజంత చిప్ పెట్టారు. కుట్లు ఇంకా చిమచిమలాడుతున్నాయి. "మరి నాకు బొత్తిగా తెలీదా? కొంచెం కూడా?"

"రెండు చోట్లకీ పంపితే ఇద్దరికీ సరిగ్గా అందదు. అందుకే మొత్తం అటు తిప్పాం. కారం మాత్రం మీకే ఉంటుంది. అది రుచి కాదు, మంట. దాని నరం వేరు. పదేళ్ళు తిరగ్గానే చిప్ తీసేస్తాం. మీ రుచి మీకొచ్చేస్తుంది."

నాంచారి కాగితాల మీద చివరి సంతకం పెట్టి, నున్న మామిడి తోటల మధ్యనున్న ఆ ల్యాబు గేటు దాటి, బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. మధ్యాహ్నం డ్యూటీకి టైమవుతోంది.

ఆమె విజయవాడ నుంచి అవనిగడ్డ వెళ్ళే కరెంటు బస్సులో కండక్టరు. ముప్పై ఎనిమిదేళ్ళు. మొగుడు తొమ్మిదేళ్ళ కిందట ఇంకొకామెతో నెల్లూరు వెళ్ళి కాపురం పెట్టాడు. అతని తల్లి శేషారత్నం మాత్రం కొడుకు వెంట వెళ్ళలేదు. "వాడెక్కడుంటే నాకేం? నా కోడలి దగ్గరే ఉంటా" అని ట్రంకు పెట్టె తీసుకొచ్చి నాంచారి మంచం కింద పెట్టుకుంది. అప్పట్నుంచీ ఇద్దరాడవాళ్ళూ, ఒక జీతం.

ఆ తొమ్మిదేళ్ళలో ఐదిళ్ళు మారారు. ప్రతి ఇంట్లోనూ ఒకటే గొడవ. శేషారత్నం బందరు మనిషి. ఎండు మెత్తళ్ళు వేయించకుండా, బొమ్మిడాయిల పులుసు పెట్టకుండా ఉండలేదు. నాలుగు నెలలు గడిచేసరికి ఇంటివాళ్ళు ముక్కు మూసుకుని గుమ్మంలోకొచ్చేవాళ్ళు. పటమటలో ఇంటాయనైతే పొయ్యి మీదున్న గిన్నె తీసి దొడ్లో పారబోయించాడు. ఆ రోజు అత్తయ్య దొడ్లో కూచుని మట్టిలో పడ్డ చేపముక్కలు ఏరుతుంటే చూసి, ఎలాగైనా సొంత ఇల్లు కొనాలని నాంచారి నిశ్చయించుకుంది.

కంకిపాడు దాటాక 'పచ్చతోరణం' అనే కంపెనీ అరవై నాలుగు ఫ్లాట్లు కడుతోంది. రెండేళ్ళలో తాళాలిస్తామన్నారు. నలభై లక్షలు. బ్యాంకు మేనేజరు జీతం కాగితం తిరగేసి, "ఇరవై ఒక్క లక్షలు దాటదమ్మా. ఇంట్లో రెండో సంపాదన ఏమన్నా ఉందా?" అనడిగాడు.

"మా అత్తయ్య ఉందండీ."

"ఏం చేస్తారావిడ?"

"వంట చేస్తుందండీ."

ఆయన నవ్వి కాగితం వెనక్కి తోశాడు.

ఆ మాట పచ్చతోరణం ఆఫీసులో చెప్తే, ఫ్లాట్లు అమ్మే అబ్బాయి సొరుగులోంచి ఒక కార్డు తీసిచ్చాడు. "ఇక్కడికెళ్ళండి మేడమ్. ఆరోగ్యమైన నాలుక కావాలట. నెలనెలా కౌలిస్తారు. అది నేరుగా బ్యాంకుకే వెళ్తుంది. బ్యాంకు దాన్ని రెండో జీతంగా లెక్క వేస్తుంది." అలా ఒకవైపు జీతం, ఇంకోవైపు నాలుక పెట్టి నాంచారి ఇంటి అప్పు తెచ్చుకుంది.

అత్తయ్యకి చెప్పలేదు. ఏదో మందు పరిశోధనకి నెలకోసారి రక్తమిస్తున్నానంది. రోజూ రాగానే పళ్ళెం ముందు కూచుని, పెట్టిందల్లా తిని, "బాగుంది అత్తయ్యా" అనేది. ఆ అబద్ధం నెల కూడా నిలవలేదు. ఒకనాడు చారన్నం తినేసి చెయ్యి కడుక్కోబోతుంటే శేషారత్నం మణికట్టు పట్టుకుంది.

"చారెలా ఉంది?"

"బాగుంది."

"ఉప్పెయ్యలేదే అందులో. వారం నుంచీ దేంట్లోనూ వెయ్యట్లేదు. వారం నుంచీ బాగుంది, బాగుంది అంటున్నావు. ఏమైందే నీకు?"

నాంచారి ఎంగిలిచేత్తో అలాగే కూచుని అంతా చెప్పింది. శేషారత్నం చెయ్యి వదిలేసింది.

"నాలుకమ్ముకున్నావా?"

"అమ్మలేదత్తయ్యా. కౌలుకిచ్చాను."

"నాకు వంటిల్లు కొనిపెడతానని!" శేషారత్నం గరిట కింద పెట్టింది. "ఇంక నేనెవరికి వండాలే?"

రెండ్రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడో రోజు పొద్దున్నే శేషారత్నం లేచి చింతపండు నానబెట్టింది. "ఆ పెద్దాయన ఏడ్చాడన్నావు కదా, బెల్లం ముక్కకి. ఎన్నాళ్ళై తినలేదో ఏంటో, జబ్బు మనిషి. నీకు తెలీకపోతే పోయింది, ఆయనకైనా తెలుస్తుంది" అంది. అప్పట్నుంచీ ఆవిడ ఆ ముక్కూ మొహం తెలియని రోగికి వండటం మొదలుపెట్టింది. ఇవాళ ఆయనకి గోంగూర పడుతుందంటావా, నిన్నటి పులుసు పుల్లగా అయిందేమో, అని తనలో తనే అనుకునేది. నాంచారి ఆయన కోసం నెమ్మదిగా, నమిలి నమిలి తినేది.

ల్యాబు వాళ్ళు కూడా డబ్బాలు పంపేవారు. వారానికి నాలుగు సార్లు, చెప్పిన టైముకి తినాలని కాగితంలో రాసుంది. పూతరేకులు, నేతి మైసూర్‌పాకులు, మామిడి రసాలు, బిర్యానీలు. బస్టాండులో బల్ల మీద కూచుని, ఆకలున్నా లేకపోయినా దూది నమిలినట్టు నమిలి మింగేది. రెండేళ్ళకి పదకొండు కిలోలు పెరిగింది. కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని చూపించుకుంటే షుగరన్నారు.

ఆ రెండేళ్ళూ పూర్తయ్యేసరికి పచ్చతోరణం మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. బస్సు రోజూ దాని ముందు నుంచే వెళ్తుంది. ఇనప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని, తుప్పు పట్టి కనపడేవి. ఒకపక్క అద్దె, ఒకపక్క బ్యాంకు కంతు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. చివరికి కొన్నవాళ్ళు పదిమంది కలిసి కంపెనీ యజమాని చక్రధరరావు దగ్గరికి వెళ్ళారు. నాంచారి సెలవు పెట్టి వెళ్ళింది.

పొద్దున తొమ్మిదింటి నుంచి కూచోబెట్టి పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. చక్రధరరావుకి అరవై దాటుతాయి. తెల్లటి లాల్చీ, గొంతు దగ్గర చర్మం కమిలి ముడతలు పడింది. కుడిచెవి వెనక రూపాయి బిళ్ళంత నల్లటిదేదో అతికించుకున్నాడు. అందరూ చెప్పింది విని కుర్చీ వెనక్కి వాల్చాడు.

"సిమెంటు రేటు పెరిగింది. ఇసక దొరకట్లేదు. నేనేం చెయ్యను? ఎప్పుడు పూర్తయితే అప్పుడిస్తాం."

"ఎప్పుడో చెప్పండి సార్. నాది ఒక్క జీతం. అద్దె కట్టుకుంటూ, కంతు కట్టుకుంటూ ఎన్నాళ్ళు లాగను?" అంది నాంచారి.

"ఒక్క జీతంతో ఇల్లెవరు కొనమన్నారమ్మా నిన్ను? లేనివాళ్ళు అద్దెలో ఉండాలి. నీ సరదాకి నేను జవాబుదారీనా?"

పక్కనున్నవాళ్ళు తల దించుకున్నారు. నాంచారికి గొంతు తడారిపోయింది. డ్యూటీలో నోరు ఎండిపోకుండా సంచిలో ఉసిరికాయ ముక్కలు ఉంచుకోవడం ఆమెకి అలవాటు. ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

చక్రధరరావు మాట మధ్యలో ఆగిపోయాడు. ఎడమకన్ను సగం మూసుకుంది. దవడలు బిగించి, గుటక వేసి, "ఇప్పుడేంటిది... ఉసిరికాయ" అని గొణుక్కున్నాడు. ఎదుట కూచున్నవాళ్ళకి అర్థం కాలేదు.

నాంచారి నమలడం ఆపింది. ఆయన మొహం తేరుకుంది. మళ్ళీ కొరికింది. మళ్ళీ ఆ కన్ను మూసుకుంది. సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. ఉసిరికాయ మీద నీళ్ళు తియ్యగా ఉంటాయని ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇప్పుడు తనకి తెలియదు గానీ, ఎదురుగా చక్రధరరావు మొహం మీదికి ఆ తీపి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని, పసిపిల్లాడిలా పెదాలు తడుపుకున్నాడు.

"సరే, ఇంక వెళ్ళిరండి" అన్నాడు హాయిగా.

నాంచారి మెట్లు దిగి, కింద స్కూటర్ల మధ్య ఆగింది. కార్డు ఆ ఆఫీసు సొరుగులోంచే ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. తన నాలుకకి ఆయనిచ్చిన కౌలు బ్యాంకుకెళ్ళి, బ్యాంకు నుంచి ఇంటి డబ్బుగా తిరిగి ఆయనకే చేరింది. ఆయన జేబులోంచి పైసా కదల్లేదు. ఇల్లూ ఇవ్వలేదు. రుచి మాత్రం తీసుకున్నాడు.

ఇంటికెళ్ళి చెప్పింది. శేషారత్నం చేపలు తోముతోంది. విన్నంతసేపూ తోముతూనే ఉంది. చివరికి కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

"ఇన్నాళ్ళూ నేను వాడికా వండింది?"

"అవునత్తయ్యా."

"జబ్బు మనిషని మామిడికాయ ముక్కలు ఏరి ఏరి వేశానే వాడికి!" ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "నీకు బొత్తిగా ఏం తెలీదు కదూ? చేదు కూడా?"

"ఏదీ తెలీదు."

"కాగితాల్లో ఏమేం తినకూడదని రాశారు?"

నాంచారి కాగితాలు తీసి చదివింది. సారా, సిగరెట్టు, సబ్బు, కిరసనాయిలు, విషాలు. అంతే. శేషారత్నం చెప్పులేసుకుని వన్‌టౌన్‌లో మూలికల కొట్టుకి వెళ్ళింది. సాయంత్రానికి నేలవేము కట్టలు రెండు తెచ్చి, ఆకూ కాడా కలిపి నలిపి, శేరు నీళ్ళు పావుకి మరిగేదాకా కాచింది. గరిట చివరంటిన బొట్టు తను నాలుక మీద వేసుకుని చూసి, వాంతి చేసుకున్నంత పని చేసింది. కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వింది.

"తాగవే."

నాంచారి గ్లాసుడూ మంచినీళ్ళలా తాగేసింది. నాలుక మీద పేరుకునేలా పుక్కిలించి మరీ తాగింది. రెండేళ్ళలో మొదటిసారి, ఏమీ తెలియకపోవడం ఆమెకి హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి అదే వరస. ల్యాబు డబ్బా తెరవబోయే ముందు రెండు గుక్కలు. తిన్నాక రెండు గుక్కలు. కాగితంలో రాసినట్టు డబ్బా మొత్తం తినేది, మెతుకు మిగిల్చేది కాదు. పూతరేకులో నేలవేము, రసాల్లో నేలవేము. డిపోలో సీసా ఎత్తి తాగుతున్నప్పుడల్లా ఆ మూసుకుపోయే ఎడమకన్ను గుర్తుచేసుకునేది. డ్రైవరు, "ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంటే, "మందు పనిచేస్తోందిలే" అనేది.

పద్దెనిమిదో రోజున ఫణీంద్ర పిలిపించాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు.

"ఏం తింటున్నారమ్మా మీరు? చేదు రీడింగులు గీత దాటిపోతున్నాయి. ఆయన వాంతులు చేసుకుంటున్నారు."

నాంచారి షుగరు పరీక్ష కాగితం బల్ల మీద పెట్టింది. "మీ డబ్బాలు తిని తెచ్చుకున్నదండీ ఇది. నేలవేము తాగమన్నారు, తాగుతున్నాను. మందు తాగకూడదని మీ కాగితాల్లో ఉంటే చూపించండి."

ఫణీంద్ర ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మడిచి ఆమెకి తిరిగిచ్చాడు.

"ఆయనకంత కష్టమైతే ఆ బిళ్ళ తీసి పారెయ్యమనండి."

"తీస్తే నోట్లో మట్టి కూరినట్టుంటుందమ్మా. అంతకుముందు ఓర్చుకున్నారు. ఒకసారి రుచి తిరిగొచ్చాక ఓర్చుకోవడం కష్టం."

"అయితే ఇంకో నాలుక చూసుకోమనండి. లేనివాళ్ళకి కొదవా?"

"కుదరదు. రెండేళ్ళుగా ఆయన మెదడు మీ నాలుకనే నేర్చుకుంది. ఇంకొకరిది పెడితే అర్థం కాదు." ఫణీంద్ర గొంతు తగ్గించాడు. "ఆయనెవరో మీకు తెలిసిపోయింది కదూ?"

"పచ్చతోరణం చక్రధరరావు. ఈ మిషన్లన్నీ ఎవరి డబ్బండీ?"

ఫణీంద్ర రీడింగుల కాగితాలు సర్దసాగాడు.

"మా మూడో అంతస్తు మీద కట్టాల్సినవన్నీ ఇక్కడే ఉన్నాయా?" అంటూ ఆమె గదంతా కలియజూసింది. ఫణీంద్ర తల ఎత్తలేదు. ఆమె లేచి వచ్చేసింది.

ఇంకో వారానికి చక్రధరరావే వచ్చాడు. ఆదివారం పొద్దున పది గంటలకి, కారు సందు మొగలో ఆపి, నడుచుకుంటూ వాళ్ళ అద్దె ఇంటికొచ్చాడు. లాల్చీ భుజాల మీద వేలాడుతోంది. శేషారత్నం కుర్చీ వెయ్యలేదు. ఆయన గడప దగ్గరే నిలబడ్డాడు.

"నీ ఫ్లాటు డబ్బు వడ్డీతో సహా రేపే ఇచ్చేస్తానమ్మా. ఎక్కడ కావాలంటే అక్కడ ఇల్లు కొనుక్కో. ఆ చేదు మాత్రం ఆపు."

"నాకొక్కదానికేనా?"

"మిగతావాళ్ళ గొడవ నీకెందుకు?"

నాంచారి కిటికీలోంచి సీసా తీసి మూత తిప్పింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, వద్దు. ఏం కావాలో చెప్పు."

"అరవై నాలుగు ఇళ్ళకీ తాళాలు. ఏడాదిలోపు. అవి ఇచ్చిన రోజు నా దవడలోంచి ఈ చిప్ తీయించాలి. కౌలు మాత్రం పదేళ్ళూ బ్యాంకులో పడాలి. ఇవన్నీ స్టాంపు కాగితం మీద రాసివ్వాలి."

ఆయన ఒప్పుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి, వంటగది వైపు మెడ సాచాడు.

"ఒక్క మాట. ఈ చేదుకి ముందు ఒక పులుసొచ్చేది. బొమ్మిడాయిలది. మామిడికాయ ముక్క చివర్లో వేసి, పొయ్యి దించేశాక మెంతిపొడి చల్లేవారు. నలభై దేశాల భోజనం తిన్నాను నేను. అట్లాంటిది తినలేదు. ఎవరు వండుతారమ్మా?"

శేషారత్నం తలుపు వెనక నిలబడి ఉంది. ఆ మాటకి ఆవిడ మొహం వెలిగింది. ఒక్క క్షణమే. తన వంటని రుచి చూసి ఎవరైనా మెచ్చుకుని రెండేళ్ళు దాటింది మరి. తర్వాత ఆవిడ సిగ్గుపడి లోపలికెళ్ళిపోయింది. ఆ వెలుగు నాంచారి చూసింది. తను నోటితో వంద అబద్ధాలాడినా అత్తయ్య మొహంలోకి తెప్పించలేనిది, ఈ మనిషి ఒక్క నిజంతో తెప్పించాడు. అన్నింటికంటే అదే ఆమెకి ఎక్కువ మండింది.

పని మళ్ళీ మొదలైంది. నాంచారి బస్సు పదీ ఇరవైకి పచ్చతోరణం ముందు నుంచి వెళ్తుంది, మూడింటికి తిరిగొస్తుంది. ఫుట్‌బోర్డు మీద నిలబడి చూసేది. కూలీలు పనిలో ఉంటే ఆ పూట చేపల పులుసు తినేది. సైటు ఖాళీగా ఉంటే సీసా ఎత్తేది. చక్రధరరావుకి రెండు వారాల్లో ఈ లెక్క అర్థమైంది. అప్పట్నుంచీ తలకి గుడ్డ చుట్టుకుని, గొడుగు కింద, ఆయనే సైటులో నిలబడేవాడు. బస్సు కనపడగానే కూలీల మీద కేకలేసేవాడు. కొండపల్లి దగ్గరున్న తోట అమ్మి ఇసక కొన్నాడని, ఆఫీసు మేడ కూడా తాకట్టు పెట్టాడని విన్నప్పుడు నాంచారికి జాలి వెయ్యలేదు. ఆ రోజు సైటు ఖాళీగా ఉంది. మామూలుగా రెండు గుక్కలు తాగేది, నాలుగు తాగింది.

పదకొండో నెలలో అరవై నాలుగు తాళాలూ వచ్చాయి. నాంచారిది రెండో అంతస్తు, వంటింటి కిటికీ కాలవ వైపు. తాళాలు తీసుకున్న మర్నాడే ఆమె నున్న వెళ్ళింది. శేషారత్నం కూడా వెంట వెళ్ళింది. చెంగున చిన్న డబ్బా కట్టుకుంది. అందులో కొత్త చింతకాయ పచ్చడి.

ఫణీంద్ర చిప్ తియ్యకముందు దాన్ని ఆపి చూస్తానన్నాడు. మీట నొక్కాడు. "ఇప్పుడు దారి మీవైపుంది. తినండి."

శేషారత్నం పచ్చడి వేలితో తీసి కోడలి నాలుక మీద రాసింది. ఇద్దరూ నాంచారి మొహంలోకి చూశారు. కారం మండింది. అంతే. ఇంకోసారి రాసింది. మండింది. మూడోసారి రాయబోతే నాంచారి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రాలేదా?" అంది శేషారత్నం.

ఫణీంద్ర మిషన్ చుట్టూ రెండు సార్లు తిరిగాడు. ఏవో అంకెలు చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"నాలుక బాగానే ఉందమ్మా. ఇన్నాళ్ళూ వినకపోయేసరికి మీ మెదడే దాన్ని మరిచిపోయింది. ఏడాది కిందట నాకు అనుమానమొచ్చింది. ఆయనతో చెప్పాను."

"ఆయనకి తెలుసా? మా గుమ్మంలో నిలబడి మామిడికాయ ముక్కల గురించి చెప్పిన రోజుకి తెలుసా?"

"తెలుసు. నన్ను క్షమించమని అడగను. కానీ చిప్ తీసేస్తాను. కనీసం ఆయనకి కూడా ఉండదు." అతను చేతులకి తొడుగులు వేసుకోసాగాడు.

నాంచారి కుర్చీలోంచి లేచింది.

"తియ్యకండి. మళ్ళీ అటు తిప్పండి."

"ఎందుకు? ఆయనకి రుచి వెళ్తుంది."

"వెళ్ళనివ్వండి. మీరు ఒక్క పని చెయ్యండి. షుగరున్న మనిషి, ఆ డబ్బాలు తినకూడదని సంతకం చేసివ్వండి."

అతను అలాగే రాసిచ్చాడు.

గృహప్రవేశం అరవై నాలుగు కుటుంబాలూ ఒకే రోజు పెట్టుకున్నాయి. మెట్ల మీద మామిడాకులు, ప్రతి గుమ్మంలోనూ పిల్లలు. శేషారత్నం కాలవ వైపు కిటికీ బార్లా తెరిచి, పొద్దున్నుంచీ బొమ్మిడాయిల పులుసు పెట్టింది. వాసనకి పై అంతస్తు వాళ్ళు కూడా దిగొచ్చి గిన్నెలు పట్టారు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. అందరికీ పోసి, మధ్యాహ్నం ఒంటిగంటకి అత్తా కోడళ్ళు కూచున్నారు. శేషారత్నం తన పళ్ళెంలో వడ్డించుకుంది. నాంచారి గ్లాసులో రాగిజావ పోసుకుంది. ఉప్పు లేదు, మజ్జిగ లేదు.

"ఇవాళైనా తినవే. సొంత ఇంట్లో మొదటి వంట" అంటూ శేషారత్నం ముద్ద కలిపి, ముల్లు తీసి, కోడలి నోటి దగ్గర పెట్టింది. "నా కోసం. ఒక్క ముద్ద."

"నేను తింటే నీ ముద్ద వాడి నోట్లోకి పోతుందత్తయ్యా."

"పోతే పోనీవే. తాళాలిచ్చాడుగా."

నాంచారి పెదాలు బిగించుకుంది. ముద్ద గాలిలో ఉండగానే ఫోన్ మోగింది. చక్రధరరావు.

"అమ్మా, అన్నమాట నిలబెట్టుకున్నాను. నువ్వు చిప్ తీయించుకోలేదని డాక్టరు చెప్పాడు." గొంతులో ఆత్రం, అంతలోనే సంకోచం. "ఇవాళ పులుసు పెట్టి ఉంటారు కదా. పన్నెండింటి నుంచీ కూచున్నాను. ఏమీ... ఏమీ రావట్లేదు. బిళ్ళ పాడైందేమోనని."

"బాగానే ఉందండీ. చేదు ఆపుతానన్నాను, ఆపాను."

"మరి ఏం తింటున్నావమ్మా?"

"జావ తాగుతున్నాను. చప్పిడిది."

"సాయంత్రం ఏం తింటావు?"

"జావే."

"రేపో?"

"నా రుచి ఇంక తిరిగి రాదని మీకు ముందే తెలుసట కదండీ. కౌలు ఇంకా ఏడేళ్ళుంది. ఏడేళ్ళూ జావే."

ఆయన ఏదో అంటున్నాడు. దణ్ణం పెడుతున్నాడో, తిడుతున్నాడో. నాంచారి వినలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, గ్లాసెత్తి, నాలుకంతా తడిసేలా నిదానంగా తాగింది.

శేషారత్నం ముద్ద పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా దించుకుంది. కాసేపు దాన్నే చూసి, తనే తింది. తర్వాత తల వంచుకుని, ముళ్ళు ఏరుకుంటూ, పళ్ళెం ఖాళీ చేసింది. నాంచారి గ్లాసు కడిగి బోర్లించి, టికెట్ల మిషన్ సంచి భుజాన వేసుకుని, మధ్యాహ్నం డ్యూటీకి మెట్లు దిగింది.